ఇంటిగలావిడ ముద్ర

ఒసాకాలో ఒక సన్న సందు. జూన్ నెల ముసురు కాస్త తెరిపిచ్చిన పొద్దుటిపూట. రెండంతస్తుల పాత చెక్క ఇంటి మెట్టు మీద ఇంటిగలావిడ మినెయామా, ఉమె అనే పుల్లటి కాయల బుట్ట ముందేసుకుని, ఊరవేయడానికి వెదురుపుల్లతో తొడిమలు తీస్తోంది. మేడమీద నాలుగో గదిలో అద్దెకుండే కుసుమోతో, నలభై ఏడేళ్ళవాడు, ఆవిడ పక్కన కూర్చుని పావుగంటైంది. వచ్చిన పని మాత్రం ఇంకా నోటి చివరే ఉంది.

"అలా గుచ్చకు నాయనా! కాయకి చిల్లు పడుతుంది. చిల్లు పడ్డ కాయ ఊరదు, కుళ్ళుతుంది. తొడిమని పక్కనించి ఎత్తు. చెవిలో గుబిలి తీసుకున్నట్టు, సుతారంగా."

"ఇలాగా పిన్నిగారూ?"

"ఆఁ, ఇప్పుడు దారికొచ్చావు. అది సరే గానీ కుసుమోతో సాన్, సూటు తొడుక్కుని, టై బిగించుకుని, ఊరగాయకి తొడిమలు తీసే మగాణ్ణి నా డెబ్భై రెండేళ్ళలో చూళ్ళేదు. ఇవాళ కంపెనీ లేదా?"

"ఉంది. అంటే... కాస్త ఆలస్యంగా వెళ్ళినా పర్లేదన్నారు."

"ఎంత మంచి కంపెనీ!"

"మంచిదే."

"గుండీల కంపెనీయే కదా?"

"గుండీలే."

"గుండీలు మరీ అంత తీరుబడిగా తయారవుతాయని నాకు తెలీదు సుమా."

"పిన్నిగారూ, ఒక చిన్న పని. చిన్నదంటే చిన్నదే. ఒక కాగితం."

"ఈ బుట్ట అయ్యాక లోపల ఇంకో బుట్ట ఉంది. చూశావా?"

"చూశాను. ఆ కాగితం మీద మీ ముద్ర ఒక్కటి పడితే..."

"దేనికి?"

"ఏం లేదు, వార్డు ఆఫీసువాళ్ళు. ఎవరింట్లో ఎవరున్నారు, గది ఎంత, కిటికీలెన్ని... అలాంటివేవో రాసుకుంటున్నారట. అన్నీ నేనే నింపేస్తాను. మీరు మూల మీద ముద్ర గుద్దితే చాలు."

"కళ్ళజోడు లోపలుంది."

"మీ నెత్తి మీదుంది."

"ఇది దూరానికి."

"చదవక్కర్లేదండీ, మామూలు కాగితమే."

"చదవకుండా ముద్ర గుద్దబట్టే మా ఆయన మూడేళ్ళు ఈ వీధి సంఘానికి పెద్దగా ఉండి చాకిరీ చేశాడు. చెత్తబుట్టలకి వల కొనడం దగ్గర్నించీ పిల్లుల తగువులదాకా. చచ్చేముందు నా చెయ్యి పట్టుకుని ఒకటే మాటన్నాడు, చదవకుండా గుద్దకే అని. నువ్వే చదువు. పైకి."

"పైకా?"

"పైకి."

"సరే. ‘అద్దె ఇంటి స్థితిని తెలియజేయు పత్రము. అద్దెదారు పేరు కుసుమోతో. గది, మేడమీద నాలుగోది. సదరు అద్దెదారు మ్... మ్మ్... వలన మ్... మ్మ్... నిమిత్తము...’"

"ఆ మధ్యలో తేనెటీగ ఏంటి?"

"అచ్చు సరిగా పడలేదు పిన్నిగారూ."

"ఏదీ, ఇలా ఇవ్వు. ‘ఉద్యోగము కోల్పోవుట వలన ప్రభుత్వ అద్దె సాయము పొందు నిమిత్తము.’ నిక్షేపంలా పడిందే!"

"అది దూరపు కళ్ళజోడన్నారు!"

"చెయ్యి చాపి పట్టుకుంటే దూరమేగా. కాయలు నలపకు. ఎప్పుడు పోయింది?"

"మార్చి ఆఖర్లో."

"ఊఁ. తెలుసు."

"తెలుసా?"

"సందు మొత్తానికి తెలుసు. వీధి స్నానాలశాల ముసలాయనకి తెలుసు. ఆయన పిల్లికి కూడా తెలుసనుకుంటాను, నువ్వొస్తుంటే జాలిగా చూస్తోంది."

"ఎలా తెలుస్తుంది? రోజూ ఏడున్నరకల్లా సూటు వేసుకుని వెళ్ళిపోతున్నాను. సాయంత్రం ఆరు దాటితే తప్ప ఇంటి మొహం చూళ్ళేదు. వానొచ్చినా సరే."

"వెళ్ళావు, కాదన్లేదు. మే నెల మూడో తారీఖున కూడా వెళ్ళావు."

"వెళితే?"

"ఆ రోజు దేశమంతా సెలవు! మర్నాడూ సెలవే, ఆ మర్నాడూ సెలవే. మగపిల్లల పండగని సందులో ఇంటింటికీ గుడ్డచేపలు ఎగరేసుకుంటుంటే, నువ్వొక్కడివి సంచీ చంకనేసుకుని ‘వెళ్ళొస్తా పిన్నిగారూ, ఇవాళ మీటింగు’ అన్నావు. ఉద్యోగమున్నవాడెవడైనా సెలవు మర్చిపోతాడా నాయనా? లేనివాడే మర్చిపోతాడు."

"మూడు రోజులూ వెళ్ళానా?"

"మూడు రోజులూ. మూడో రోజు టై కూడా కొత్తది."

"ఛ. అందుకేనా రైల్లో అంత ఖాళీ... ఎంత బాగా సీటు దొరికిందో అనుకున్నాను. అదుగో, టోఫు కొట్టావిడ వస్తోంది."

"ఓ ఇంటిగలమ్మగారూ! మీ టోఫు ఇదుగో, మెట్టు మీద పెడుతున్నా, పిల్లి చూడకుండా తీసుకోండి. ఏం కుసుమోతో సాన్, ఇవాళ నదిగట్టుకి వెళ్ళలేదా? మీ కాకి ఎదురు చూస్తుంటుంది పాపం!"

"చూశావా? టోఫు కొట్టావిడకి కాకితో సహా తెలుసు. వెళ్ళవే తల్లీ, వెళ్ళు, నీ కొట్టు తెరిచే ఉంది... పోయింది. ఆ కాకితో అన్నం డబ్బా పంచుకుంటున్నావటగా?"

"పంచుకోలేదు. అది లాక్కుంది."

"దానికైనా ఒక పనుంది."

"తెలిసి కూడా రోజూ ‘జాగ్రత్తగా వెళ్ళిరా’ అనేవారు మీరు."

"నువ్వు ‘వెళ్ళొస్తా’ అంటే ఇంకేమంటాను? ‘ఎక్కడికీ’ అంటానా? సరే, ఈ సాయం సంగతి చెప్పు. ఏమిస్తారు?"

"మూడు నెలల అద్దె వాళ్ళు కడతారు. ఈలోగా నేను పని వెతుక్కోవాలి. వారానికొక చోటికైనా దరఖాస్తు పెట్టాలి, పెట్టినట్టు చూపించాలి."

"పెట్టావా?"

"పెట్టాను. పోయిన వారం శ్మశానవాటిక. దండాలు పెట్టి మర్యాద చేసే ఉద్యోగం."

"వచ్చిందా?"

"నా మొహం మరీ దిగులుగా ఉందట. వచ్చినవాళ్ళు ఇంకా బెంగపడతారన్నారు."

"అబ్బా, శ్మశానంలో కూడా నవ్వు మొహమే కావాలా! మరి గుండీలాళ్ళు ఎందుకు తీసేశారు నిన్ను? పదిహేనేళ్ళు చేశావు కదూ?"

"పదహారు. ఇప్పుడు గుండీ ఎవరు కుట్టుకుంటున్నారు పిన్నిగారూ? ఒక్క గుండీ ఊడితే చొక్కా అవతల పారేసి కొత్తది తెచ్చుకుంటున్నారు. మేం పదకొండు మందిమి ఊడాం. ఆఖరి రోజున తలా ఒక గుండీల డబ్బా చేతిలో పెట్టి పంపారు."

"దాన్నేం చేసుకుంటావ్?"

"అదే తెలీడం లేదు. అన్నీ నాలుగు చిల్లులవి."

"సరేలే. ఇందులో సిగ్గుపడాల్సిందేముంది? ఇన్నేళ్ళూ పన్ను కట్టావా లేదా? నువ్వు పోసిన నీళ్ళే నీ దోసిట్లోకి వస్తున్నాయి. దర్జాగా పుచ్చుకో."

"అమ్మయ్య! ఈ మాట కోసం వారం నించీ ఈ కాగితం జేబులో పెట్టుకుని మెట్లు ఎక్కుతున్నా దిగుతున్నా. అయితే గుద్దుతారా?"

"వారం నించా? వారం కిందటే చెప్పుంటే..."

"చెప్పుంటే?"

"ఏం లేదు. ఆ చిల్లుల గిన్నె ఇటు జరుపు."

"ముద్ర పిన్నిగారూ."

"కనపడ్డంలేదు."

"మొన్న నెలాఖరున నా అద్దె పుస్తకంలో గుద్దారు. గుద్ది, అల్మారా పై అరలో బిస్కట్ల డబ్బాలో పెట్టారు. నేను చూస్తుండగానే."

"సిరా ఎండిపోయింది."

"తెచ్చాను. ఇదుగో, కొత్తది. ఎర్రటిది."

"ఎంత సిద్ధపడి వచ్చావు!"

"పదహారేళ్ళు సరుకు అమ్మే పని చేశాను. ఒక్క చుక్క పిన్నిగారూ. ఇక్కడ పేరు, ఇక్కడ ముద్ర, ఇదుగో ఇక్కడ మీ బ్యాంకు ఖాతా నంబరు."

"బ్యాంకు ఖాతా ఎందుకు?"

"డబ్బు నా చేతికివ్వరు. నేరుగా ఇంటి యజమాని ఖాతాలో పడుతుంది."

"నేరుగానా?"

"నేరుగా."

"నీ చేతికిస్తే వాళ్ళ సొమ్మేం పోయింది? నువ్వు ఎప్పటిలాగే కవర్లో పెట్టి నాకు తెచ్చిస్తావు కదా."

"నేను తినేస్తానేమోనని వాళ్ళ భయం."

"పన్నెండేళ్ళుగా చూస్తున్నాను, నువ్వలాంటివాడివి కాదని చెప్పకపోయావా?"

"ఎవరికి చెప్పను? అది అందరికీ ఒకటే పద్ధతి. ఖాతా, ఇంటి యజమాని పేరునే ఉండాలి."

"పేరు కూడా సరిపోవాలన్నమాట."

"మరి పోదా? మీ పేరే కదా. ఆగండి, ఫోను మోగుతోంది. హలో... ఆఁ, కుసుమోతోనే మాట్లాడేది... లేదండీ, ఇంకా. ఇంటిగలావిడ నా పక్కనే ఉన్నారు... అబ్బే, అలాంటావిడ కాదు. చాలా మంచావిడ... ఐదింటికి కదూ? నాలుగున్నరకా! తెలిసింది. తెలిసిందండీ. శ్రమ ఇస్తున్నాను, ఏమీ అనుకోకండి. ఆఁ. ఆఁ. ఉంటాను."

"ఎవరికా దండాలు? ఫోన్లో కనపడవు."

"వార్డు ఆఫీసులో నా పని చూసే అమ్మాయి. ఈ కాగితం ఇవాళ నాలుగున్నరలోపు అందకపోతే నా దరఖాస్తు ఈ నెల్లో వెళ్ళదట."

"పై నెల్లో వెళుతుంది. కొంపలేం మునగవుగా?"

"నాదే మునుగుతుంది పిన్నిగారూ. పై నెల అద్దెకి నా దగ్గర లేదు. గది ఖాళీ చేసి షిమానెలో మా అక్క ఇంటికి వెళ్ళి పడాలి. మా బావ నాతో మాట్లాడడు."

"ఏం?"

"వాళ్ళ పెళ్ళిలో నేను పాడాను."

"అంత ఘోరంగానా?"

"మూడు పాటలు. గది పోతే ఇక్కడ అడ్రసు పోతుంది. అడ్రసు లేనివాడికి ఉద్యోగమెవడిస్తాడు? ఉద్యోగం లేనివాడికి గది ఎవడిస్తాడు? నాకున్నది ఇక ఈ గది ఒక్కటే."

"ఫోన్లో ‘అలాంటావిడ కాదు’ అన్నావు. ఎలాంటావిడ కాదు?"

"కొందరు ఇళ్ళవాళ్ళు ముద్ర వెయ్యరట. సర్కారు సాయం మీద బతికేవాణ్ణి పెట్టుకుంటే ఇంటి పరువు పోతుందని. మీ ఇంటిగలావిడ అలాంటివారా అని అడిగింది."

"కాదన్నావు."

"అన్నాను. తప్పు చెప్పానా?"

"ఈ కాయ చూడు, ఎంత పసుపు తిరిగిందో. ఇవాళే ఉప్పులో వెయ్యాలి..."

"పిన్నిగారూ."

"వాన మళ్ళీ పట్టేలా ఉంది."

"పన్నెండేళ్ళు పిన్నిగారూ! ఒక్క నెల, ఒక్క రోజు ఆలస్యం చెయ్యలేదు. ఆ పెద్ద తుపాను రాత్రి కప్పు లేచిపోతుంటే తాడు పట్టుకుని వేలాడింది ఎవరు? నేను! మూడో గది కుర్రాడు మంచం కింద దూరాడు. ఇప్పుడు గోరంత ఎర్ర చుక్క అడిగితే కళ్ళజోడంటారు, సిరా అంటారు, వానంటారు. సాయం పుచ్చుకోడంలో సిగ్గు లేదంటారు, ముద్ర మాత్రం వెయ్యరు. ఇష్టం లేదా, లేదని చెప్పండి. సూటిగా. ఆదివారానికి గది ఖాళీ చేసేస్తాను."

"కూర్చో."

"కూర్చోను."

"బుట్ట తన్నావు, కాయలు దొర్లిపోతున్నాయి, కూర్చో! ఆఁ. అటుది కూడా అందుకో. విను. నా ముద్ర గుద్దినా ఆ కాగితం చెల్లదు."

"ఎందుకు చెల్లదు? అద్దె పుస్తకంలో చెల్లుతోందిగా!"

"నెమ్మదిగా. టోఫు కొట్టు చెవులు పెద్దవి."

"ఎందుకు చెల్లదు?"

"ఇల్లు నాది కాదు కనక. నోరు ముయ్యి, ఈగలు దూరతాయి."

"మరి ఎవరిది?"

"స్టేషను పక్కన పళ్ళ డాక్టరు ఫుకునాగా లేడూ? ఆయనది. మూడేళ్ళయింది. నేల మొదట్నించీ గుడివాళ్ళది, పైన ఈ చెక్కలు మాత్రమే మావి. నువ్వు వేలాడి ఆపావే, ఆ కప్పు బాగుచేయించే తాహతు నాకు లేకపోయింది. ఇల్లు ఇచ్చేశాను. డబ్బంటావా, కప్పు లేని ఇంటికి ఎవరెంతిస్తారు? పెంకులు ఆయన వేయించాడు. మీరంతా నేనే వేయించాననుకుని పిండివంటలు తెచ్చిపెట్టారు."

"నేను తేలేదు, బీరు సీసా ఇచ్చాను. మరి ప్రతి నెలా మేం ఇచ్చే కవర్లు?"

"కట్టగట్టి డాక్టరుకి ఇచ్చొస్తాను. అద్దెలు అందుకోడం, మెట్లు ఊడవడం, గొట్టం కారితే మనిషిని పిలవడం, చెత్త ఏ రోజు ఏది పెట్టాలో మీ అందరితో పోట్లాడ్డం. దానికి నెలకింతని జీతం. ఆ జీతంలోంచి తీసి నా గదికి అద్దె కడుతున్నాను."

"మీరూ అద్దెకేనా!"

"కిందది, ఒకటో నంబరు. నీ గది కంటే చిన్నది."

"అద్దె ఇచ్చేటప్పుడు వంగి దండం పెడతారా?"

"నీకంటే కిందికి వంగుతాను. నవ్వుతున్నావా?"

"లేదు."

"భుజాలు ఊగుతున్నాయి."

"లేదండీ... పోయిన నెల సీసాలు తప్పు రోజున బయట పెట్టానని ‘నా ఇంట్లో ఇలాంటివి సాగవు’ అని మెట్ల మీద నిలబెట్టి గంటసేపు..."

"సీసాలు గురువారం. ఇల్లు ఎవరిదైనా గురువారమే."

"ఎందుకు చెప్పలేదు పిన్నిగారూ? సందులో ఎవరికీ తెలీదా?"

"నలభై ఒక్క ఏళ్ళు ‘ఇంటిగలమ్మగారూ’ అని పిలిచారు నన్ను. చేపలవాడు కూడా మంచి ముక్క నాకే తీసేవాడు. ఇల్లు పోతే పోయింది, పిలుపు కూడా పోవాలా? డాక్టర్ని బతిమాలుకున్నాను, పైకి చెప్పకండి, గుమ్మం మీద పేరు పలక మార్చకండి అని. ఆయన మంచివాడు, తలూపాడు. నువ్వు సూటు వేసుకుని తిరిగింది మూడు నెలలేగా. నాది మూడేళ్ళు."

"నేను ఒక్క పండక్కే దొరికిపోయాను. మీరు గట్టివారు."

"నాకు సెలవుల్లేవు, అందుకని. ఇప్పుడు తిడతావా?"

"తిట్టను. కానీ నా కాగితం?"

"అదేం కష్టం. వారం కిందటే ఇచ్చుంటే నేనే గుట్టుగా గుద్దించి తెచ్చేదాన్ని. డాక్టరు పదిన్నరకి తలుపు తీస్తాడు. నేను ఇప్పుడే ఫోన్ చేసి చెబుతాను, ముద్ర గుద్ది ఖాతా నంబరు కూడా రాసిస్తాడు. ఒక్కటే జాగ్రత్త, కుర్చీలో మాత్రం కూర్చోకు. కూర్చుంటే ఏదో ఒక పన్ను పీకి గానీ వదలడు. నిలబడే మాట్లాడు."

"నిజంగా గుద్దుతాడా?"

"గుద్దుతాడు. ఆయనకి నెలనెలా అద్దె పడితే చాలు, సర్కారుదైతే మరీ ఇష్టం. ఇవాళ ఉన్నాడు, పట్టుకో. పై నెల నించి కొడుకు చూస్తాడట వ్యవహారమంతా. కొడుక్కి తీరిక లేదు. ఏదో కంపెనీకి అప్పజెప్పాడు, అద్దెలు కూడా బ్యాంకులోనే వెయ్యాలట."

"అలాగా! మంచిదే. కవర్లు పట్టుకుని తిరిగే శ్రమ తప్పుతుంది మీకు."

"తప్పుతుంది."

"నా ప్రాణం లేచొచ్చింది పిన్నిగారూ. డాక్టరు, అక్కణ్ణించి వార్డు ఆఫీసు. మధ్యాన్నానికల్లా పనైపోతుంది. వచ్చి రెండో బుట్ట కూడా నేనే తీస్తాను, మీరు ముట్టుకోకండి."

"టై సరిచేసుకో. అటు కాదు, ఇటు. కాగితం మడవకు. కుసుమోతో సాన్..."

"చెప్పండి."

"ఆ ఆఫీసు అమ్మాయి మర్యాదగా మాట్లాడుతుందా?"

"చాలా. ఫోన్లో ఉన్నంతసేపూ తనే క్షమించమంటుంది."

"పెద్దవాళ్ళతో కూడా? విసుక్కోదు కదా?"

"విసుక్కోదు. ఎందుకూ?"

"ఏం లేదు. ఈ సాయానికి వయసు అడ్డమేమైనా ఉందేమో ఒక మాట కనుక్కునిరా. నాకోసం కాదులే, నాకు తెలిసిన ఒకావిడ ఉంది. ఈ నెలాఖరుతో ఆవిడ పని ఆఖరు. మెట్లు ఊడవడానికి పై నెల నించి కంపెనీ మనిషి వస్తాడట. ఆవిడక్కూడా ఒక కాగితం తెచ్చిపెట్టు. గది నంబరు అడిగితే... కిందది, ఒకటో నంబరని చెప్పు."